గుల్లలు ఏరే పని

ఇవాళ రోజంతా మైక్రోస్కోప్ ముందే గడిచింది. ఉత్తర అట్లాంటిక్ అడుగు నుంచి తీసిన కోర్‌లో (గొట్టం దింపి పొరలు చెదరకుండా తీసిన బురద స్తంభం) ఒక ముక్క, నిన్న 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి ఆరబెట్టింది. బురదంతా పోయాక మిగిలేది చూడ్డానికి సన్న ఇసుకలా ఉంటుంది గానీ, లెన్స్ కింద పెడితే దాదాపు అన్నీ గుల్లలే, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు కట్టుకున్న సున్నపు గుల్లలు.

బ్రష్ కొస తడిపి ఒక్కోదాన్నీ అంటించి తీసి, గళ్లున్న నల్ల స్లైడ్ మీద పెట్టాలి, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయి. ఓ 300 దాకా లెక్కపెడితేగానీ ఏ జాతి ఎంత శాతమో నమ్మకంగా చెప్పలేం. ఈ ముక్కలో ఎటు చూసినా పాకీడెర్మా అనే జాతే, గదులన్నీ ఎడమవైపు చుట్టుకుని, మందంగా, గరుగ్గా. ధ్రువాల దగ్గరి చల్లటి నీళ్లలో బతికే రకం అది. మధ్యమధ్యలో రాతి రేణువులు కూడా తగిలాయి, తేలుతూ వచ్చిన మంచుకొండలు కరిగి వదిలేసినవి. అంటే అప్పట్లో అక్కడ పైనీళ్లు ఎంత చల్లగా ఉండేవో ఆక్సిజన్ కొలిచే మెషీన్ దాకా వెళ్లకుండానే అర్థమైపోయింది.

నాకు మాత్రం అడుగున బతికే రకాలు దొరికితేనే హుషారు. 1955లో చెజారే ఎమీలియానీ అనే శాస్త్రవేత్త పైనీళ్లలో బతికిన రకాల గుల్లల్లో ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం) కాలంతో పాటు ఎలా హెచ్చుతగ్గులయ్యిందో కొలిచి, అందులో ఎక్కువ భాగం ఉష్ణోగ్రత వల్లే అన్నాడు. నీళ్లు చల్లబడితే గుల్లలో ఆక్సిజన్-18 పెరిగే మాట నిజమే. కానీ సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలికైన ఆక్సిజన్-16 ఉన్న నీరే ఎక్కువగా పోతుంది, అది వానై తిరిగి రాకుండా నేలమీద మంచుగా పేరుకుపోతే, చలితో పని లేకుండానే సముద్రంలో ఆక్సిజన్-18 వాటా పెరుగుతుంది. ఈ రెంటినీ విడదీసేదెలా? 1967లో నికొలస్ షాకల్టన్ అనే మరో శాస్త్రవేత్త అడుగున బతికిన రకాల గుల్లల్లోనూ దాదాపు అంతే మార్పు ఉందని చూపించాడు. లోతు నీళ్లు ఇప్పుడే సున్నాకి కాస్త పైన ఉన్నాయి, ఇంకెంతని చల్లబడతాయి? కాబట్టి ఎక్కువ వాటా మంచుదే. ఇంత సింపుల్ వాదన చూస్తే నాకు ఇప్పటికీ అసూయే.

విసుగు తెప్పించేది సముద్రం అడుగు బురదలో తిరిగే పురుగులు. వెయ్యేళ్లకి రెండు మూడు సెంటీమీటర్ల బురదే పేరుకునే చోట అవి పై పొరల్ని కలియబెట్టేస్తాయి, స్లైడ్ మీద పక్కపక్కన కూర్చున్న రెండు గుల్లల మధ్య రెండు మూడు వేల ఏళ్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫలానా శతాబ్దంలో ఎంత చలి అని ఇలాంటి కోర్‌ని అడిగితే లాభం లేదు. రేపు అడుగు రకాలని మాస్ స్పెక్ట్రోమీటర్‌కి, అంటే ఆ ఆక్సిజన్ కొలిచే మెషీన్‌కి పంపాలి, అక్కడేమో క్యూ పెద్దది.