అంజూరపు చెట్టుకు ఇంకో ఏడు

2018 అక్టోబరు 11 తెల్లారేసరికి ఉద్దానంలో మా కొబ్బరితోట నేలమీద ఉంది. తిత్లీ తుపాను. మామ్మ గట్టుమీద కూలబడి ఒకటే మాట: "ఏటి పాపం సేసినామో బాబూ!"

ఆ మాట ఐదు నెలలు మా ఇంట్లోనే తిరిగింది. మార్చి 6న విభూది బుధవారం వచ్చింది, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే రోజు. గుడిలో గురువు మా నుదుట రాసింది కిందటేడు ఈస్టరుకు ముందొచ్చిన మ్రానికొమ్మల ఆదివారం నాటి కొబ్బరాకు బూడిదే. ఆ ఆకు కోసిన రోజున చెట్టు నిలబడే ఉంది. "మట్టివి, మట్టిలో కలిసిపోతావు" అంటుంటే నాకు నేను కాదు, ఆ చెట్టే గుర్తొచ్చింది.

మార్చి 24, తపస్సుకాలం మూడో ఆదివారం. ఆ రోజు గుడిలో చదివింది లూకా సువార్త 13వ అధ్యాయం, మొదటి తొమ్మిది వచనాలు. ఆ ఆదివారానికి ఈ సువార్త మూడేళ్ళకోసారి వస్తుంది. తిత్లీ వెనకే దాని వంతు వచ్చింది. సిలోయములో బురుజు కూలి 18 మంది పోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులా అని యేసు ప్రభువే అడిగి, కాదని తనే చెబుతాడు. మామ్మ వైపు చూశాను. కొంగు సర్దుకుంటోంది.

దేవునితో బంధం తెంచేసే పెద్ద పాపాన్ని చావైన పాపం అంటారు. దానికి మూడూ ఉండాలని తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, బోధ: విషయం ఘోరమైనది కావాలి, ఘోరమని తెలియాలి, తెలిసీ మనసారా చెయ్యాలి. "ఏటి పాపమో" అన్నప్పుడే రెండోది లేదని తేలిపోయింది. జ్ఞానోపదేశంలో బట్టీ పట్టినదే, పడిపోయిన తోట దగ్గర గుర్తుకు రాలేదు.

అయితే ప్రభువు అక్కడితో ఊరుకోలేదు. మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. మామ్మకు ఊరటనిచ్చిన నోటితోనే నాకు వాత పెట్టాడు.

నిరీక్షణ అనే సుగుణానికి అటొకటి ఇటొకటి రెండు పాపాలు. ఒకటి నిరాశ. రెండోది, మారకుండానే క్షమ, పాటుపడకుండానే ఫలం దొరుకుతుందన్న ధీమా. ఆ రెండోది నాది. "దేవుడున్నాడులే" అంటూ కూలిన మానులు తోటలోనే కుళ్ళబెట్టాను. వాటిలో కొమ్ముపురుగు పెరుగుతుందనీ, కొత్త మొక్కల మొవ్వు తొలిచేస్తుందనీ మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెబితే గురువు నవ్వారు, కానీ తీసిపారెయ్యలేదు.

ఆ సువార్తలోనే అంజూరపు చెట్టు ఉంది. మూడేళ్ళుగా కాయలేదు, నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడు ఉండనివ్వండి, పాదు తవ్వి ఎరువు వేస్తానంటాడు తోటమాలి. దారిలో మామ్మకు కోపం: "మూడేళ్ళకే నరికీమంటాడేటి? కొబ్బరైతే ఆరేడేళ్ళు సూడొద్దేటి?"

ఆ చెట్టు తర్వాత కాసిందో లేదో లూకా రాయలేదు. కథ గత్తం, అదే ఎరువు, దగ్గరే ఆగిపోయింది.

సోమవారం మానులు లాగించాం. మామ్మ పాదు పక్కన కూర్చుని, ఒక్కో మొక్కకీ ఎన్ని తట్టల గత్తం పడుతోందో లెక్కపెట్టింది. ఒకదానికి తక్కువైందని నన్ను మళ్ళీ పంపింది.