బొబ్బిలి తాతయ్య, విజయనగరం తాతయ్య

డాలస్ బడిలో మావాడికి మారథాన్ యుద్ధం చెప్పారు. క్రీ.పూ. 490లో ఏథెన్సువాళ్లు తమకన్నా చాలా పెద్దదైన పారశీక సేనను సముద్రతీరంలో తరిమికొట్టారు. చనిపోయినవాళ్లు ఇటు 192 మంది, అటు 6,400 మంది అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ లెక్క వాడికి కంఠస్థం. ఇలాంటి కథ మనకూ ఉందా అని అడిగాడు.

ఉంది కానీ చిక్కుంది. నాది బొబ్బిలి, మా ఆవిడది విజయనగరం.

వేసవి సెలవుల్లో బొబ్బిలి వెళ్లినప్పుడు మా నాన్న వాణ్ని యుద్ధస్తంభం దగ్గరికి తీసుకెళ్లారు. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి కోట మీద పడ్డారు. తెల్లవారినప్పటి నుంచి ఫిరంగులు మోగుతున్నా, ఎక్కివచ్చిన వాళ్లను వచ్చినట్టే తిప్పికొట్టారట. "అయితే మనమే గెలిచాం కదా తాతయ్యా!" అన్నాడు వీడు.

గెలవలేదు. రాజా రంగారావు నేలకొరిగాడు. శత్రువు చేత చిక్కకూడదని కోటలోని స్త్రీలనూ పిల్లలనూ మనవాళ్లే చంపుకున్నారు. తొమ్మిదేళ్లవాడికి ఇదంతా ఎందుకని ఆపబోయాను. మారథాన్ శవాల లెక్క చదివినవాడికి బొబ్బిలి దగ్గర మాత్రం దాచడం ఏమిటనిపించి ఊరుకున్నాను. రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపిన ఘట్టం మాత్రం మా నాన్న రెండుసార్లు చెప్పారు, చేతులు ఊపుతూ.

విజయనగరంలో మా మామగారు అదే రాత్రిని ఇంకోలా చెప్పారు. "డేరాలో పడుకున్న మనిషిని చంపడం ఏం వీరత్వంరా?" ఆ వెంటనే పద్మనాభం యుద్ధం ఎత్తుకున్నారు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలు విడిచాడు. అక్కడా ఓటమే.

"రాజులిద్దరి తగాదాలో ఫ్రెంచివాళ్లకేం పని?" అన్నాడు వాడు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, వాళ్లకు అప్పగించాడు, శిస్తు వసూలు వాళ్లదే అన్నాను. "మరి ఆ బుస్సీ ఏమయ్యాడు?"

పెద్దవాళ్లిద్దరూ ఎన్నడూ పట్టించుకోని ప్రశ్న ఇది. మూడేళ్లకు, 1760లో, వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు బందీగా చిక్కాడని చెప్పాను. ఆదివారం వీడియో కాల్‌లో వాడు ఆ సంగతి ఇద్దరికీ చేరవేశాడు. పాపారాయుడి విషయంలో ఇప్పటికీ కలవని తాతయ్యలిద్దరూ దీనికి మాత్రం ఒకేలా సంతోషించారు.