మట్టి వాలుపై బండి: ముందుగా దిగడం నేర్చుకోండి

కొండవీడు ఘాట్ రోడ్డు మలుపులను సునాయాసంగా దాటివచ్చిన కుర్రవాళ్లు అదే ధీమాతో మట్టి వాలు మీదకు బండి ఎక్కించబోయి సగంలో చతికిలబడటం మా గుంటూరు వైపు కొత్తేమీ కాదు. తారు మీద టైరుకు దొరికే పట్టు ఎర్ర గ్రావెల్ మీద దొరకదు. గట్టి నేలపై పరుచుకున్న సన్నరాళ్ల మీద బండి నడపడం, గచ్చు మీద ఒలికిన శనగలపై నడవడం లాంటిది. అందువల్ల కొత్తవారు ఎవరు అడిగినా నేను ముందుగా దిగడం గురించీ, ఆ తరువాత వాలు మధ్యలో ఆగిపోయిన బండిని క్షేమంగా కిందికి తెచ్చుకోవడం గురించీ చెబుతాను. ఎక్కడం మూడవ పాఠం.

దిగేటప్పుడు బండి మొదటి గేరులో ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉండాలి, క్లచ్ జోలికి పోకూడదు. క్లచ్ నొక్కిన మరుక్షణం ఇంజను అడ్డుకట్ట తొలగిపోయి బండి వేగం అందుకుంటుంది. ఫుట్‌పెగ్గుల మీద లేచి నిలబడి, నడుమును సీటు వెనుక భాగం పైకి జరిపి, మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టుకుంటే చేతుల మీద భారం పడదు. ముందు బ్రేకు వాడకూడదని మనవాళ్లలో ఒక బలమైన అపోహ ఉంది. నిజానికి వాలు దిగుతున్నప్పుడు బరువంతా ముందు చక్రం మీదే పడుతుంది కనుక ఆగే శక్తి కూడా అక్కడే ఎక్కువ. ఒకటి రెండు వేళ్లతో మెల్లగా బిగిస్తూ పోవాలి తప్ప గుప్పిట మొత్తంతో పట్టి లాగకూడదు. ఎక్స్‌పల్స్ 200 వంటి బండ్లలో ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ముందు చక్రానికే ఉంటుంది. అది గ్రావెల్ మీద పనిచేస్తూ లివరును వేళ్ల కింద అదరగొడుతుంటే కంగారుపడవద్దు. వెనుక చక్రానికి ఆ రక్షణ లేదు కాబట్టి పాదం బలంగా మోపితే చక్రం బిగుసుకుపోయి పక్కకు జారుతుంది.

ఇక బండి ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయిన సందర్భం. చాలామంది అప్రయత్నంగా క్లచ్ నొక్కి ముందు బ్రేకు పట్టుకుంటారు. ఎగువకు తిరిగి ఉన్న బండి ముందు చక్రం మీద బరువు ఉండదు కనుక, ఆ చక్రం బిగుసుకున్నా బండి వెనక్కి జారుతూనే ఉంటుంది. ఇంజను ఆగిన వెంటనే క్లచ్ వదిలేయాలి. గేరులో ఉన్న ఇంజనే వెనుక చక్రాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు నిదానంగా ఎడమ వైపుకు దిగి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, క్లచ్‌ను కొద్దికొద్దిగా నొక్కి వదులుతూ బండిని జానెడు జానెడుగా వెనక్కి జారనివ్వాలి. బండి ముందు భాగం కుడికి తిరిగి వాలుకు అడ్డంగా నిలుస్తుంది, మనం ఎగువ వైపున ఉంటాము. జారే బండికి దిగువన ఎన్నడూ నిలబడకూడదు. అది చేయి దాటిపోతోందని అనిపిస్తే వదిలేయడమే మేలు. విరిగిన లివరు ఆటోనగర్‌లో దొరుకుతుంది.

ఈ రెండూ చెరువు గట్టు పాటి చిన్న వాలు మీద వచ్చిన తరువాత ఎక్కడం పెద్ద పని కాదు. వేగం వాలు మొదలు కాకముందే అందుకోవాలి, రెండవ గేరులో యాక్సిలరేటర్‌ను నిలకడగా ఉంచాలి, ఛాతీని హ్యాండిల్ మీదకు వంచాలి, చూపు ముందు చక్రం దగ్గర కాక వాలు చివర ఉండాలి. వెనుక చక్రం ఊరికే తిరుగుతూ మట్టిని చిమ్ముతున్నప్పుడు ఇంకా యాక్సిలరేటర్ తిప్పితే గొయ్యి పడుతుందే గాని బండి కదలదు; కాస్త తగ్గిస్తే టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది.

టైర్లలో గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. అయితే ట్యూబు టైర్లలో మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపడానికి చిన్న పంపు వెంట ఉండాలి. హెల్మెట్‌తో పాటు చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు తప్పనిసరి, వాటికి పెట్టే ఖర్చు సైలెన్సర్ మార్పిడికి పెట్టేదానికన్నా నయం. కొండపల్లి కొండలు రిజర్వు ఫారెస్టు పరిధిలో ఉన్నాయి కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడి బాటల్లోకి బండి తోలడం నేరమవుతుంది. యజమాని ఒప్పుకున్న ప్రైవేటు భూమిలో సాధన చేసుకోవడం ఉత్తమం, వేసవిలోనైతే ఎండ ముదిరేలోగా ముగించుకోవాలి.