ఉప్పాడలో బావి వరలు

చెల్లి పెళ్లికి జాందానీ చీర కొందామని మే నెలలో ఉప్పాడ వెళ్లాం. చీర బేరం గంటలో తేలిపోయింది. మిగిలిన పూటంతా సముద్రం దగ్గరే గడిచింది.

కాకినాడ నుంచి బీచ్ రోడ్డులో వస్తుంటే కుడిపక్క రాళ్ల గుట్టలు. ఈ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు వేశారో! తుఫానంటే చాలు, ముందు దీన్నే మూసేస్తారు. అలల్ని ఆపడానికి ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు పరిచారు ఒకప్పుడు. అవీ చాలాచోట్ల చిరిగి కుంగిపోయాయి.

ఊరి అంచున ఒక గది. మూడే గోడలు, నాలుగో వైపు నీళ్లు. గోడకి లేతనీలం సున్నం, దేవుడి పటం తీసేసిన మేకు, దాని చుట్టూ ఇంకా పోని పసుపు మరక. కాస్త అవతల నురగలో రెండు బావి వరలు తేలి కనిపిస్తున్నాయి. ఆ ఇంటివాళ్ల పెరటి బావే అట.

వేట నిషేధం రోజులు. జూన్ 14 దాకా బోట్లు కదలవు. లాగి పెట్టుకుందామంటే ఒడ్డున ఇసుకుంటేగా!

ఈ కోతకి కారణాలు చాలానే చెబుతారు: కాకినాడ పోర్టు, దాని ముందున్న హోప్ ఐలాండ్ దీవి, తుఫాన్లు. నాకు గుచ్చుకున్నది మాత్రం గోదావరి ఒండ్రు. పైన జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ లాంటి డ్యాముల వెనకాలే చాలా మట్టి నిలిచిపోతోంది. నది తెచ్చి పోస్తేనే కదా ఈ తీరానికి ఇసుక. మాకు మూడు తరాలుగా అన్నం పెట్టింది 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లే. డ్యాముల్ని తిట్టాలంటే నాకు నోరు రాలేదు.

ఎండుచేపలు ఆరబెడుతున్న మామ్మ దగ్గర అరకిలో నెత్తళ్లు కొన్నాను.

“ఏవూరు బాబూ?”

“రామచంద్రపురం దగ్గర, మామ్మా.”

“సముద్రముందా మీకాడ?”

“లేదు. గోదారి కాలవుంది.”

కాగితంలో పొట్లం కడుతూ, “అదృష్టవంతులు” అంది. చిల్లర తీసుకోకుండానే వచ్చేశాను.