పాల స్లిప్పులతో ఎక్సెల్‌లో గ్రాఫ్ వేయబోయి నేను పడ్డ తిప్పలు

మాకు రెండు గేదెలున్నాయి, పాలు ఊళ్ళో కేంద్రంలోనే పోస్తాం. 2024 వానాకాలంలో డబ్బులు తగ్గుతున్నాయని, మెషిన్‌లో ఫ్యాట్ (పాలలో వెన్న శాతం, దాన్నిబట్టే డబ్బులొస్తాయి) తక్కువ చూపిస్తున్నారేమో అని నాన్నకి ఒకటే డౌటు. అమ్మేమో కేంద్రంలో ఇచ్చిన స్లిప్పులు మేకుకి గుచ్చి పెట్టింది, జూన్ నుంచి ఆగస్టు దాకా 92 రోజులవి, మధ్యలో కొన్ని లేవు. నేను గ్రాఫ్ వేసి పది నిమిషాల్లో తేల్చేస్తా అన్నా, ఆదివారం మొత్తం పోయింది.

రెండు పూటలవీ లెక్కేసి లీటర్లు, ఫ్యాట్, డబ్బులు రోజుకో వరస చొప్పున కొట్టి, అంతా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్‌లో లైన్ చార్ట్ నొక్కా. ఒక గీత ఏటవాలుగా పైకి పోతోంది, అబ్బో ఏదో బాగా పెరుగుతోందే అని చూస్తే అది సీరియల్ నంబర్ కాలమ్! సెలెక్ట్ డేటాలోకెళ్ళి దాన్ని తీసేశా.

తర్వాత తేదీల గోల. ఫార్మాట్ మార్చి చూస్తే జూన్ 1 కాస్తా జనవరి 6 అయి కూర్చుంది, జూన్ 2 ఏమో ఫిబ్రవరి 6, ఇక 13 నుంచి అసలు తేదీలే కావు, సెల్‌లో ఎడమ పక్కకి అతుక్కుని ఉన్నాయి (అంటే ఎక్సెల్ దాన్ని ఉత్త టెక్స్ట్ అనుకుంటోందన్నమాట). నా ల్యాప్‌టాప్‌లో రీజియన్ అమెరికాది ఉంది, వాళ్ళు నెల ముందు రాస్తారు కదా. రీజియన్ ఇండియాకి మార్చినా ముందు కొట్టినవి బాగుపడలేదు, కాలమ్ మొత్తం చెరిపేసి మొదటి తేదీ ఒక్కటి కొట్టి మూల పట్టుకుని కిందికి లాగితే నిమిషంలో అయిపోయింది, ముందే ఈ పని చేయాల్సింది.

ఫ్యాట్ గీత మాత్రం నేలకి అంటుకుపోయింది. డబ్బులు ఐదారు వందల్లో ఉంటే ఫ్యాట్ ఆరు, ఏడు, ఇంకేం కనిపిస్తుంది. మౌస్‌తో పట్టుకుందామంటే దొరకదు, చివరికి పైన ఫార్మాట్ ట్యాబ్‌లో ఎడమ చివర ఉండే లిస్టులోంచి దాన్ని ఎంచుకుని సెకండరీ యాక్సిస్ (అంటే ఆ గీతకి కుడి పక్కన వేరే కొలత) పెట్టా.

ఇంకోటి, స్లిప్పు లేని రోజులకి నేను 0 కొట్టా, గీత ఢమాల్న కింద పడి లేస్తోంది. నాన్న చూసి "పెళ్ళికెళ్ళిన రెండ్రోజులు పాలు పోయలేదు, అది సున్నానే. మిగతా రోజులు పోశాం కదరా, కాగితం పోతే పాలు పోయనట్టా?" అన్నాడు. కరెక్టే. ఆ రెండ్రోజుల లీటర్లు, డబ్బులు 0 ఉంచి, ఫ్యాట్ మాత్రం ఖాళీ వదిలేశా (పాలే లేకపోతే ఫ్యాట్ ఎక్కడిది), స్లిప్ పోయిన రోజులైతే అన్నీ ఖాళీ. సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అని ఉంటుంది, అక్కడ చుక్కలు కలిపే ఆప్షన్ పెడితే సరిపోయింది.

ఫ్యాట్ యాక్సిస్ 5 నుంచి మొదలెట్టా, లేకపోతే తేడా తెలియట్లేదు, కానీ అలా పెడితే చిన్న తగ్గుదల కూడా లోయలా కనిపించి నాన్న కంగారుపడ్డాడు, పక్కన అంకెలు చూపించాల్సొచ్చింది. ఏడు దగ్గర్నుంచి ఆరుకి, ఒక్కసారిగా కాదు, జూలై మొదటి వారం నుంచి మెల్లమెల్లగా జారింది. అదే టైంలో లీటర్లు కొంచెం పెరిగాయి కూడా.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తొంగిచూసి, "అప్పుడేగా వరిగడ్డి అయిపోయింది, గట్ల మీద పచ్చిగడ్డి ఒక్కటే వేస్తున్నాం, ఇంకేం వెన్న వస్తుంది" అనేసి వెళ్ళిపోయింది. నాన్న ఏం మాట్లాడలేదు, మర్నాడు వరిగడ్డి ఎవరి దగ్గరుందో కనుక్కోడానికి పక్కూరెళ్ళాడు.