మెట్ల కింద ర్యాక్ పెట్టమన్నారు

నిన్న సాయంత్రం ఆఖరి కేబుల్ కూడా టెస్టర్‌లో పాస్ అయింది. ఎనిమిది నెలల కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను.

మహబూబ్‌నగర్‌లో జడ్చర్ల వెళ్లే రోడ్డు మీద మా బావ ఆస్పత్రి కడుతున్నాడు. గ్రౌండ్ ఫ్లోర్, పైన నాలుగు అంతస్తులు. కెమెరాలు, కంప్యూటర్లు, వైఫై, ఫోన్ల పని మొత్తం నాకే అప్పజెప్పాడు. పన్నెండేళ్లుగా నేను చేసే పని అదే. సర్కారు వెబ్‌సైట్ టీజీ బీపాస్‌లో కట్టడానికి పర్మిషన్ ఇబ్బంది లేకుండా వచ్చింది. శ్లాబులు కూడా అనుకున్న టైముకే పడ్డాయి. నాకు తిప్పలన్నీ ఆర్కిటెక్ట్ ఆఫీసుతోనే.

మొదటి డ్రాయింగ్‌లో కేబుళ్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ రూమే లేదు. ఫోన్లు చేయగా చేయగా రెండో డ్రాయింగ్ వచ్చింది. అందులో గ్రౌండ్ ఫ్లోర్ మెట్ల కింద ఒక గడి గీసి పెట్టారు. ఆ గోడకు ఆనుకునే టాయిలెట్ పైపులు దిగే డక్ట్ ఉంది. నెట్‌వర్క్ స్విచ్‌లు, సర్వర్లు బిగించే 42యూ ర్యాక్ అంటే దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తు బీరువా లాంటిది, మెట్ల వాలు కింద అది నిలబడదు. ముందు, వెనక మనిషి కూర్చుని పనిచేయడానికి మూడేసి అడుగులు వదలాలి. స్విచ్‌లు, సర్వర్లు ఉండే గది 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలంటారు. పాలమూరు ఎండలకు మే నెలలో నలభై దాటుతుంది. ఆ గడిలో ఏసీకి చోటే లేదు. వేడికి ముందుగా పాడయ్యేవి యూపీఎస్ బ్యాటరీలు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని బావతో కలిసి హైదరాబాద్‌లో మీటింగ్‌కు వెళ్లాను. ఆర్కిటెక్ట్ ఆ కాగితాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "వైర్లకు ఏసీ రూమా? మా ఇంట్లో రౌటర్‌ను మేకు కొట్టి గోడకు తగిలించాం" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఎనిమిదో భాగం, ఆరో సెక్షన్ మొత్తం ఈ పని గురించే అని చెప్పాను. "అవి సిటీలో టవర్లకు" అన్నాడు. నన్ను వదిలేసి బావ వైపు తిరిగి, "ఈ రూమ్ ఇస్తే రెండు బెడ్లు పోతాయి సార్. నెలకు ఎంత లాసో మీ బామ్మర్దికి చెప్పండి" అన్నాడు. బావ ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తుంటే షాద్‌నగర్ దాటేదాకా కారులో ఇద్దరం నోరు విప్పలేదు. పని తెలిసినవాణ్ని బంధువు ముందు అలా తీసిపారేస్తే ఎంత మంట పుడుతుందో పడ్డవాడికే తెలుస్తుంది.

ఆ ఆదివారం 305 మీటర్ల క్యాట్‌సిక్స్ నెట్ కేబుల్ బాక్స్ తీసుకుని సైటుకు వెళ్లాను. ఆ కేబుల్ తొడుగు మీద మీటర్ల లెక్క అచ్చువేసి ఉంటుంది. మేస్త్రీ, ఇద్దరు కూలీలు సాయం పట్టారు. మెట్ల కింది గడి దగ్గర మొదలుపెట్టి, మెట్ల పక్క సందులోంచి నాలుగో అంతస్తుకు ఎక్కించి, లిఫ్ట్ గుంత చుట్టూ తిప్పి, ఆ చివరి వార్డు మూల దాకా లాగాం. ఒక కొస అంకెలోంచి ఇంకో కొస అంకె తీసేసి చూస్తే 101 మీటర్లు. గోడల్లో, ట్రేల్లో పోయే కేబుల్ 90 మీటర్లు మించకూడదు. రెండు వైపులా తగిలించే చిన్న కేబుళ్లు, అంటే ప్యాచ్ కార్డులు కలుపుకున్నా 100 దాటకూడదు. మేస్త్రీకి ఒక్కసారి చెప్తే చాలు, అర్థమైంది. "అయితే రూమ్ నడుమకు రావాలె గదా అన్నా" అన్నాడు. దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు పనివాళ్లకు కొలత విలువ తెలుసు. అద్దాల ఆఫీసులో కూర్చున్నాయనకు మాత్రం తెలియలేదు.

బావను పిలిచి కేబుల్ కొసల మీది రెండు అంకెలూ ఆయనతోనే చదివించాను. "నెట్ ఇప్పుడు నడిచినా రేపు ఎప్పుడు ఆగుతుందో నేను మాటివ్వలేను బావా" అన్నాను. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. "రూమ్ మార్చండి. బెడ్ల లెక్క నేను చూసుకుంటా" అన్నాడు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో నడుమ పదడుగులు, ఎనిమిదడుగుల గది వచ్చింది. రెండో అంతస్తులో సరిగ్గా దాని నెత్తినే ఇంకొకటి, రెండింటి మధ్య ఫైబర్. తలుపులు బయటికి తెరుచుకుంటాయి, లోపల ఒక్క నీళ్ల పైపు లేదు. కానీ శ్లాబులు అప్పటికే పడిపోయాయి కదా. పోసే ముందు కేబుళ్లు దూరడానికి నాలుగు ఇంచుల పైపు ముక్కలు నిలబెడితే పోయేదానికి స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో ఊచలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించి, మిషన్‌తో శ్లాబుకు గుండ్రటి రంధ్రాలు కోసే కోర్ కటింగ్ చేయాల్సి వచ్చింది. మూడు రోజులు బురద నీళ్లు. ఆ ఖర్చు ఆర్కిటెక్ట్ ఫీజులోంచి కోయమన్నాను, బావ వినలేదు. ఇప్పటికీ నా మాటే న్యాయం.

కట్టబోయేవాళ్లు శ్లాబ్ డ్రాయింగ్ మీద సంతకం పెట్టేముందే ఈ గది అడగండి. రోడ్డు నుంచి లోపలికి కనీసం రెండు పైపులు వేయించండి, రేపు ఇంకో కంపెనీ ఫైబర్ తెస్తే కాంపౌండ్ మళ్లీ తవ్వే పని ఉండదు. పైపుల్లో లాగుడు తాడు వదలండి. ఒక జంక్షన్ బాక్సుకూ ఇంకో దానికీ మధ్య పైపుకు రెండు మలుపులకు మించనివ్వకండి. కరెంటు వైర్లను నెట్ కేబుళ్ల ట్రేలో వేస్తానంటే ఎలక్ట్రీషియన్ ఎంత సీనియరైనా ఒప్పుకోకండి. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు 2024లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చింది. ఇంకా మేకుకు రౌటర్ తగిలించే లెక్క చెప్పేవాళ్లకు ఆ మాట వినిపించండి.

ఇప్పుడు చివరి వార్డు కేబుల్ 58 మీటర్లు. ఏసీ డ్రెయిన్ పైపు ఒక్కటి మిగిలింది. ర్యాక్ మీదుగా తీస్తే దగ్గర అంటున్నాడు ప్లంబర్. రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తాడు, అంతకుముందే నేను అక్కడుంటాను.