నమాజు చేసేవాళ్లకే ఆ హెచ్చరిక

ఖుర్ఆన్‌లో 107వ సూరా, అంటే అధ్యాయం, అల్ మాఊన్. ఏడే ఏడు చిన్న ఆయతులు, అంటే వాక్యాలు. అరబ్బీ చదువుకు వెళ్లే పిల్లలకు ముందుగా నేర్పే సూరాల్లో ఇదొకటి. రాత్రి నమాజైన ఇషాకు అలసిపోయి నిలబడినప్పుడు నాలుక తనంతట తానే దీన్ని అందుకుంటుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే చదివాను, అర్థం జోలికి పోకుండా.

తెలుగు అనువాదం తెరిచిన రోజు నాలుగో ఆయత్ దగ్గర ఆగిపోయాను. ‘ఫవైలుల్ లిల్ ముసల్లీన్’. నమాజు చేసేవాళ్లకు వినాశం! నమాజు మానేసినవాళ్లకు కాదు, చేసేవాళ్లకు. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, టోపీ పెట్టుకుని, వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడిన నాకే ఆ మాట.

ఎవరా నమాజీలు? తర్వాతి ఆయత్ చెబుతుంది: తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవాళ్లు. ఇక్కడ పూర్వ పండితులు ఒక చిన్న అరబ్బీ మాట పట్టుకున్నారు. అల్లాహ్ ‘నమాజులో’ ఏమరుపాటు అనలేదు, ‘నమాజు పట్ల’ అన్నాడు. నమాజులో మనసు చెదరనివాడు ఎవడు? నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగానే పిల్లాడి ఫీజు గుర్తొస్తుంది, రేపటి ఇంటర్వ్యూ టెన్షన్ గుర్తొస్తుంది. ఆ ఒక్క మాట ‘లో’ అయి ఉంటే మనలో మిగిలేవాడే లేడు. ఈ కరుణ తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కానీ సాయంత్రపు నమాజు అసర్‌ను పొద్దు ఎర్రబడేదాకా ఊరికే వాయిదా వేసే అలవాటు ఉందే, దానికి సాకు దొరకదు.

ఆ తర్వాతి ఆయత్ చూపుడు బుద్ధి గురించి. రంజాన్‌లో రేషన్ కిట్టు ఇస్తూ ఫొటో తీయిస్తాం. ఇచ్చేవాడు కెమెరా వైపు చూస్తుంటాడు, పుచ్చుకునే తల్లి నేల వైపు చూస్తుంటుంది. దయచేసి ఆ ఫొటోలు మానేద్దాం.

సూరా మొదలయ్యేది కూడా నమాజుతో కాదు. తీర్పు దినాన్ని అబద్ధమనేవాణ్ని చూశావా అని అడిగి, అనాథను నెట్టేసేవాడు వాడే, పేదవాడికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు వాడే అంటుంది. ఈ మాటలు మనకు అందించిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా అనాథ. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్లకు తల్లి. ఇంకో సంగతి చూడండి. అల్లాహ్ పెట్టనివాడు అనలేదు, పెట్టమని ప్రోత్సహించనివాడు అన్నాడు. చేతిలో రూపాయి లేనివాడు కూడా పక్కవాడితో ‘ఆ ముసలాయన తిన్నాడో లేదో చూడు’ అనగలడు.

చివరి ఆయత్‌లో ఉంది ‘మాఊన్’. దాన్ని ఇవ్వకుండా ఆపేవాళ్లు అంటుంది. ఇది జకాత్, అంటే తప్పనిసరి దానం, అన్నవాళ్లూ ఉన్నారు. ప్రవక్త సహచరుడైన సహాబీ ఇబ్నె మస్ఊద్ (రజి) మాత్రం బొక్కెన, వంటపాత్ర, గొడ్డలి లాంటివి అన్నారు. అంటే ఇరుగుపొరుగు ఒకరినొకరు చేబదులు అడిగే వస్తువులు. జకాత్‌కు లెక్క ఉంది, నూటికి రెండున్నర, ఏడాదికోసారి. బొక్కెనకు లెక్కా లేదు, ఏడాదీ లేదు. పొరుగువాడు ఎప్పుడు తలుపు తడితే అప్పుడే.

మొన్న అసర్‌కు నమాజు చాప జానమాజ్ పరుస్తుంటే పక్క ఫ్లాట్ అబ్బాయి వచ్చి నిచ్చెన అడిగాడు. ‘నమాజు టైం, తర్వాత రా’ అని తలుపు వేసేశాను. నిచ్చెన తలుపు వెనకే ఉంది, అర నిమిషం పని. అల్లాహు అక్బర్ అంటూ తక్బీర్ కట్టి, నమాజులో ముందుగా చదివే ఫాతిహా సూరా ముగించగానే నోటికొచ్చిన సూరా ఇదే. ‘వ యమ్‌నఊనల్ మాఊన్’ దగ్గర మాట తడబడింది. కుడికీ ఎడమకూ సలాం తిప్పి నమాజు ముగించి, దుఆ, అంటే వేడుకోలు, తర్వాత చేసుకుందామని, నిచ్చెన మోసుకెళ్లాను. అప్పటికే వాళ్లు ఇంకెక్కడి నుంచో తెచ్చుకున్నారు.

శుక్రవారం జుమా రోజు ఖుత్బా ప్రసంగం తప్పిపోతుందని బండిని ఎవరి దుకాణం ముందో అడ్డంగా పెట్టి పరుగెత్తినప్పుడు కూడా ఈ సూరాయే గుర్తుకు రావాలి. ఆ కొట్టతని దారి మనం ఆపేసిన మాఊన్ కాదా?

మా నానమ్మ, దాదీమాకు చదువు లేదు, ఇబ్నె మస్ఊద్ పేరు విని ఉండదు. ఆమె దగ్గర పెద్ద ఇత్తడి వంటపాత్ర, దేగిసా ఉండేది. మా వీధిలో పెళ్లైనా, శ్రీరామనవమి పానకమైనా, పీర్ల పండుగ షర్బత్ అయినా అది బయటికి వెళ్లాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి సొట్ట పడేది. అమ్మ గొణిగేది. దాదీమా చింతపండుతో తోమి బోర్లించి, ‘ఖాలీగా ఉంటే దానికేం పుణ్యం’ అనేది. ఇప్పుడది మా ఇంట్లో ఉంది. పోయిన వారం కింది ఫ్లోర్‌వాళ్ల గృహప్రవేశానికి పులిహోర కలపడానికి పట్టుకెళ్లారు. ఇంకా తిరిగి రాలేదు.